ఉత్తరం నుంచి రీలు దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

న్యూస్‌లెటర్లు నడిపేవాళ్లు, వాటిని షార్ట్స్‌గా, రీల్స్‌గా మార్చాలనుకుంటున్నవాళ్లు రాసిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగినచోట ఒక ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: మా రైతు ఉత్పత్తిదారుల సంఘం నెలకోసారి సభ్యులకు నాలుగు పేజీల న్యూస్‌లెటర్ పంపుతుంది. వేప గింజల కషాయం మీద వచ్చిన వ్యాసాన్ని వీడియో చేద్దామని మొత్తం చదివి రికార్డు చేస్తే ఏడు నిమిషాలు దాటింది. నిమిషంలోకి ఎలా కుదించాలి?
– సంఘం కార్యదర్శి, పల్నాడు జిల్లా

జవాబు: కుదించే పని పెట్టుకుంటే గబగబా చదివినట్టు ఉంటుంది తప్ప ఎవరికీ ఏమీ అందదు. ఎర్ర కలం పట్టుకుని వ్యాసం మళ్లీ చదవండి. ఏ వాక్యం చదివాక రైతు రేపు తన పని మార్చుకుంటాడో దాని కింద గీత గీయండి. ఎనిమిది వందల మాటల వ్యాసంలో అలాంటివి మూడో నాలుగో తేలతాయి. అందులో ఒక్కటి తీసుకోండి. మిగతావి వేరే వీడియోలు కావచ్చు, లేదా పత్రికలోనే ఉండిపోవచ్చు.

తర్వాత మాటల లెక్క. ఇంగ్లీషులో నిమిషానికి 150 మాటలని అందరూ చెబుతుంటారు. తెలుగులో ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కుంటాయి కనక ఆ లెక్క పనికిరాదు. వినేవాళ్లకు అందేలా చదివితే నిమిషానికి 100 నుంచి 115 మాటలు. అంటే 40 సెకన్ల వీడియోకి 65–75 మాటలే మీ బడ్జెట్టు. యూట్యూబ్ షార్ట్స్‌కి 2024 అక్టోబరు నుంచి, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కి 2025 జనవరి నుంచి 3 నిమిషాల దాకా అనుమతి ఉంది. అనుమతి ఉంది కదా అని వాడేసుకోనక్కర్లేదు. ఒక పని చెప్పడానికి 30–50 సెకన్లు చాలు.

మీ వ్యాసంలో పనికొచ్చే వాక్యం బహుశా ఇలా ఉండి ఉంటుంది: ‘కషాయాన్ని సాయంత్రం వేళల్లో పిచికారీ చేసినట్లయితే సూర్యరశ్మి వల్ల అజాడిరక్టిన్ క్షీణించకుండా మెరుగైన ఫలితాలు లభిస్తాయి.’ (అజాడిరక్టిన్ అంటే వేప గింజల్లో మందుగుణం ఉన్న పదార్థం.) కాగితం మీద ఇది తప్పు కాదు. చెవికి మాత్రం అందదు. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. అసలు సంగతి తెలిసేలోపు ఎనిమిది సెకన్లు గడిచిపోతాయి, చూసేవాడి బొటనవేలు మూడో సెకనులోనే తెరను పైకి తోసేస్తుంది. కాబట్టి ‘చేసినట్లయితే’, ‘ఉండటం వల్ల’, ‘చేసి, కలిపి, వడగట్టి’ లాంటి గొలుసులు తెంచి చిన్న వాక్యాలు చేయండి. ఫలితాన్ని ముందుకు తెచ్చి కారణాన్ని వెనక పెట్టండి. ఇలా:

‘వేప కషాయం చల్లినా ఫలితం కనబడలేదా? ఎండలో చల్లారేమో చూసుకోండి. ఎండ తగిలితే అందులో మందుగుణం చచ్చిపోతుంది. సాయంత్రం చల్లండి. కొలత రాసుకోండి. వేప గింజల పప్పు పొడి, ఐదు కిలోలు. గుడ్డలో మూట కట్టి పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానేయండి. మర్నాడు మూట పిండి, వడగట్టండి. ఇంకో తొంభై లీటర్ల నీళ్లు కలపండి. వంద గ్రాముల సబ్బుపొడి వేయండి. సబ్బు లేకపోతే ఆకు మీద నిలవదు, జారిపోతుంది. ఆ రోజే వాడేయండి, నిల్వ పెట్టొద్దు. గింజలు ఎప్పుడు ఏరాలో, ఎలా ఆరబెట్టాలో ఈ నెల పత్రికలో రాశాం.’

మొత్తం 64 మాటలు. నిదానంగా చదివితే 40 సెకన్ల లోపే. అజాడిరక్టిన్ అనే పేరు ఎగిరిపోయింది, పోనీయండి, అది పత్రికలో ఉంది. ‘చూసుకోండి’ అన్న మాటను మాత్రం వదలకండి. ఫలితం రాకపోవడానికి ఎండ ఒక కారణమేగానీ, అదొక్కటే కారణం కాదు. మొదటి వాక్యం ఎంత ఊరించినా వ్యాసం హామీ ఇవ్వనిది వీడియో ఇవ్వకూడదు. చాలా వీడియోలు జారేది ఇక్కడే.

దృశ్యాలకు ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ పక్క వాక్యం, కుడి పక్క ఆ వాక్యం వినబడుతుండగా కనబడేది. ‘ఐదు కిలోలు’ అన్నప్పుడు తూకం ముల్లు కనబడాలి. మూట పిండే చేతులు, డ్రమ్ములో నీళ్లు, ఆకు మీద జారే చుక్క, అన్నీ దగ్గరగా. ఒక్కో దృశ్యం 3–4 సెకన్లు వాడతారు కాబట్టి 8–10 సెకన్లు తీసి ఉంచుకోండి. కుడి పక్క ఖాళీగా మిగిలిన వాక్యానికి ఫోటో వెతకడం దండగ. దాన్ని కొట్టేయొచ్చేమో ముందు ఆలోచించండి.

ప్రశ్న: జీఎస్టీ గడువుల మీద ప్రతి నెలా క్లయింట్లకు ఈ-మెయిల్ న్యూస్‌లెటర్ రాస్తాను. దాన్నే రీల్స్‌గా పెడితే మార్చిలో చేసిన వీడియో జూన్‌లో ఎవరికో కనబడి, ‘ఈ నెల గడువు పెంచారట కదా’ అని ఫోన్లు వస్తున్నాయి.
– పన్నుల సలహాదారు, విజయవాడ

జవాబు: ఉత్తరం అందిన రోజునే చదువుతారు. రీలు ఎప్పుడు ఎవరి కంట పడుతుందో మీ చేతిలో ఉండదు. అందుకే మీ న్యూస్‌లెటర్‌ని రెండు కుప్పలు చేయండి. నెలనెలా మారనివి ఒక కుప్ప: నెలవారీ రిటర్నులు వేసేవారికి జీఎస్‌టీఆర్-1కి 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీకి 20వ తేదీ. మూడు నెలలకోసారి వేసే క్యూఆర్‌ఎంపీ పథకంలో ఉంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు 3బీ గడువు 22, మరికొన్ని రాష్ట్రాలకు 24. ఆలస్య రుసుము ఎలా లెక్కేస్తారు అన్నదీ ఈ కుప్పలోకే. ఇవి వీడియోకి పనికొస్తాయి. గడువు పొడిగింపులు, ఆ నెల నోటిఫికేషన్లు రెండో కుప్ప. వాటిని 24 గంటల్లో మాయమయ్యే స్టోరీగానో, వాట్సాప్ స్టేటస్‌గానో పెట్టండి, రీల్‌గా వద్దు.

తప్పక రీల్ చేయాల్సివస్తే ‘ఈ నెల’, ‘రేపే ఆఖరు’ అనే మాటలు నోటితో అనకండి. ‘2025 మార్చి నెలకు’ అని చెప్పండి, అదే తెర పైభాగంలో మొదటి నుంచి చివరి దాకా కనబడేలా ఉంచండి. గడువు దాటాక వీడియోని తొలగించకుండా ప్రైవేటులోకి మార్చుకుంటే వ్యూస్ లెక్కలు మీ దగ్గర మిగులుతాయి. రూల్సు మారితే ఆ ఒక్క వాక్యం మళ్లీ రికార్డు చేసుకోవడానికి వీలుగా గొంతు ఫైలును వాక్యానికో ముక్కగా దాచుకోండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం వార్తాపత్రిక పాత సంచికలను చిన్న వీడియోలుగా చేస్తున్నాం. మ్యాటర్ అతికిస్తే ఒకచోట ఇంగ్లీషు అక్షరాల చెత్త వస్తోంది, మరోచోట ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఫాంటు మార్చినా అంతే.
– సంఘం కార్యకర్త, డల్లాస్

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మందూ వేరే.

ఇంగ్లీషు చెత్త వచ్చిందంటే ఆ సంచికను అను లాంటి పాత ఫాంట్లలో కంపోజ్ చేశారని అర్థం. అది యూనికోడ్ (అన్ని పరికరాలకూ ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి) కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టిన పద్ధతి. ఆ ఫాంటు లేనిచోట అడుగున ఉన్న అసలు అక్షరాలు బయటపడతాయి. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి, మార్చాక ఒక మనిషి కూర్చుని చదవాల్సిందే. క్రావడి, వట్రుసుడి, మూడు హల్లుల సంయుక్తాలు, అంకెలు, కోట్ గుర్తులు ఎక్కువగా తప్పుతాయి. వీడియోకి కావలసింది 70 మాటలే కాబట్టి మళ్లీ టైపు చేసుకోవడమే తొందరగా తెములుతుంది.

ఒత్తులు విడిపోతే తప్పు ఫాంటుది కాదు, ఎడిటింగ్ యాప్‌ది. ‘క్ష’ అని కనబడాలంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలను యాప్ కలిపి ఒక రూపంగా పేర్చాలి. ఆ పేర్పు తెలియని యాప్‌లో ఎన్ని ఫాంట్లు మార్చినా ఫలితం ఉండదు. అడోబ్ ప్రీమియర్ ప్రో వాడుతుంటే ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో దక్షిణాసియా లిపుల ఎంపిక ఉంటుంది. దాన్ని ఎంచుకుని, కొత్త టెక్స్ట్ లేయర్ తెరిచి మళ్లీ అతికించండి. పాత లేయర్ పాతగానే ఉండిపోవచ్చు. ఏ యాప్ అయినా కొనేముందు ఈ మాటలు అతికించి చూడండి: ‘రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం, జ్ఞానం, బ్యాంక్‌లో’. ఐదూ సరిగ్గా వస్తే ఆ యాప్ తెలుగుకి పనికొస్తుంది. ఐదోదాంట్లో క్, లో మధ్య కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని యాప్‌లు దాన్ని చిన్న డబ్బాలా చూపిస్తాయి.

ఏదీ కుదరకపోతే మొండి పద్ధతి ఒకటుంది, ఎప్పుడూ మోసం చేయదు. పవర్‌పాయింట్‌లో స్లైడు కొలత 19.05 సెంటీమీటర్ల వెడల్పు, 33.87 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి (అదే 9:16). అక్షరాలు అక్కడ పేర్చి, ఆ టెక్స్ట్ పెట్టెను పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని వీడియో మీద పరచండి. బొమ్మ అయ్యాక ఏ యాప్ కూడా ఒత్తులను విడదీయలేదు.

ఫాంట్ల ఎంపిక: శీర్షికలకి రామభద్ర లాంటి లావు ఫాంటు, కింద నడిచే మాటలకు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. 1080 పిక్సెళ్ల వెడల్పులో అక్షరం 60–70 పిక్సెళ్లు, వరుసకి 15 అక్షరాలకు అటూఇటూ, ఎప్పుడూ రెండు వరుసలు మించకుండా. వరుసల మధ్య దూరం 1.4 రెట్లు పెట్టకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది. అక్షరాల చుట్టూ నల్ల అంచు మందంగా పెట్టకండి, తెలుగు సున్నాల లోపలి ఖాళీ పూడిపోయి ప, వ తేడా తెలియదు. అంచుకి బదులు వెనక ముదురు రంగు పట్టీ వేయండి. ఒక్కో మాటే ఎగిరెగిరి పడే క్యాప్షన్ల ఫ్యాషన్ కూడా ఇంగ్లీషు పొట్టి మాటలకు పుట్టింది. ‘చేసుకోవాల్సివస్తుంది’ అన్న ఒక్క మాటే సగం వరుసకి పైగా ఆక్రమిస్తుంది. రెండు నుంచి నాలుగు మాటల ముక్కలు, ఒక్కోటి కనీసం సెకనున్నర నిలిచేలా పెడితే పెద్దవాళ్లూ చదవగలరు.

క్యాప్షన్లను విడిగా ఎస్‌ఆర్‌టీ ఫైలుగా ఇస్తుంటే నోట్‌ప్యాడ్‌లో దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. సమయంలో సెకన్ల తర్వాత చుక్క కాదు, కామా: 00:00:04,500 ఇలా.

ప్రశ్న: ముఖం చూపించడం ఇష్టం లేదు. గొంతు ఒక్కటే చాలా? కంప్యూటర్ గొంతు పెట్టొచ్చా?
– గృహిణి, వారం వారం పుస్తక పరిచయాల న్యూస్‌లెటర్ నడుపుతారు, కరీంనగర్

జవాబు: ముఖం అక్కర్లేదు. మీ విషయానికి చేతులు, పుస్తకం చాలు. పుటలు తిప్పడం, ఒక వాక్యం మీద వేలు కదలడం, పెన్సిల్‌తో గీత గీయడం. ఫోన్‌ని రెండు డబ్బాల మధ్య బోర్లా ఆనించి పైనుంచి తీయండి. ఒక్క జాగ్రత్త: పుస్తకంలోని పేజీలు పూర్తిగా చదవగలిగేలా చూపించడం, పేరాలకు పేరాలు చదవడం రచయిత హక్కుల జోలికి పోతుంది. ఒకటి రెండు వాక్యాలు చాలు, మిగతాది మీ మాట.

ట్యూబులైటు కింద తీస్తే తెర మీద నల్లటి చారలు పాకుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్ 30 ఫ్రేముల్లో తీస్తోంది, రెండిటికీ లయ కుదరదు. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. లేకపోతే పొద్దున పూట కిటికీ పక్కన తీసేయండి. (అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కనక అక్కడివాళ్లకు 30 ఫ్రేములతో ఈ బాధ తక్కువ.)

గొంతు రికార్డింగుకి బట్టల బీరువా తలుపులు తెరిచి దానికెదురుగా కూర్చోండి. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఉన్న గది వద్దు. ఫోను నోటికి జానెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి ఉంటే ‘ప’, ‘భ’, ‘ఫ’ పలికినప్పుడు గాలి దెబ్బ తగలదు. మాట్లాడే ముందు ఐదు సెకన్లు ఊరికే ఉండండి. ఆ నిశ్శబ్దం నమూనాతోనే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రొదను తీసేయొచ్చు. ఎడిట్ చేస్తుంటే పెదాలకీ మాటకీ, చేతికీ మాటకీ పొంతన పోతూంటే ఫోన్ ఫ్రేముల వేగం నిలకడగా లేదన్నమాట. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటును ‘కాన్‌స్టంట్ 30’కి మార్చి అప్పుడు ఎడిటింగ్‌కి తీసుకోండి.

కంప్యూటర్ గొంతు వాడొచ్చు. పుస్తకాల ముచ్చటకి మాత్రం వద్దని మా మాట. వాడితే అంకెలూ పొట్టి రూపాలూ అక్షరాల్లో రాసివ్వండి: ‘5 కి.గ్రా.’ని చాలా గొంతులు వింతగా పలుకుతాయి, ‘ఐదు కిలోలు’ అంటే సరిగ్గా చదువుతాయి. ఒకే మూసలో గుట్టలుగా తయారయ్యే వీడియోలకు డబ్బు ఇవ్వబోమని యూట్యూబ్ 2025 జులైలో తన నియమాన్ని మరింత స్పష్టం చేసింది. ఆదాయం మీద ఆశ ఉంటే అదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: కింద వేసిన అక్షరాల మీద పేరు, లైకు గుర్తులు వచ్చి పడుతున్నాయి.
– డిగ్రీ విద్యార్థి, నంద్యాల

జవాబు: 1080×1920 తెరలో పైన 270 పిక్సెళ్లు, కుడి పక్క 150 దాకా, కింద మూడో వంతు ఖాళీగా వదలండి. క్యాప్షన్లు నడుముకి కాస్త కింద వస్తే చాలు. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్లో ముఖచిత్రం 3:4కి కత్తిరించి కనబడుతుంది, అంటే పైన 240, కింద 240 పోతాయి. శీర్షిక మధ్యలో ఉండాలి.

ప్రశ్న: షార్ట్స్‌కి వేలల్లో వ్యూస్ వచ్చాయి, న్యూస్‌లెటర్‌లో చేరినవాళ్లు పదిమంది కూడా లేరు. లోపం ఎక్కడ?
– ఆరోగ్య న్యూస్‌లెటర్ నిర్వాహకురాలు, హైదరాబాద్

జవాబు: మొదట ఆ వేలనే అనుమానించండి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైనా, మళ్లీ తిరిగినా యూట్యూబ్ ఒక వ్యూగా లెక్కేస్తోంది. ఎంతసేపు చూశారన్నది అందులో లేదు. అనలిటిక్స్‌లో ‘ఎంగేజ్డ్ వ్యూస్’ విడిగా ఉంటాయి, అవి చూడండి. నిలిచి చూసినవాళ్లెందరు, తోసేసినవాళ్లెందరు అన్న శాతమూ అక్కడే ఉంటుంది. తోసేసినవాళ్లు ఎక్కువైతే మొదటి వాక్యం మార్చాలి. మధ్యలో గ్రాఫు ఒక్కసారి పడిపోతే ఆ సెకనులో ఏం చెప్పారో విని చూడండి, సాధారణంగా ‘మా పత్రికలో చేరండి’ అన్న మాటే అక్కడ ఉంటుంది. దాన్ని ఆఖరి ఐదు సెకన్లకు తోసేయండి.

రెండోది దారి. షార్ట్స్ వివరణలో, కామెంట్లలో ఇచ్చే లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కితే తెరుచుకోవు. రీల్స్ కింద రాసే లింకులూ అంతే. ‘లింక్ కింద ఉంది’ అని చెప్పి పంపిస్తే చూసినవాళ్లు గోడకి గుద్దుకున్నట్టే. లింకు ఛానెల్ పేజీలో, ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్లో పెట్టి, నోటితో ‘ప్రొఫైల్లో లింకు ఉంది’ అనండి. లేదా నోటికి తిరిగే చిన్న చిరునామా ఒకటి తీసుకోండి. కొందరు వీడియోలో క్యూఆర్ కోడ్ పెడతారు. చూసేవాడి చేతిలో ఉన్నది ఒక్క ఫోనే, దేనితో స్కాన్ చేస్తాడు?

ఎక్కణ్నుంచి వచ్చారో తెలియాలంటే ప్రతి చోటికీ వేరే యూటీఎం గుర్తు (లింకు చివర తగిలించే మాటలు) ఉన్న లింకు వాడండి. యూట్యూబ్‌కి ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌కి ఒకటి, వాట్సాప్‌కి ఒకటి.

చేరమని అడిగే తీరు కూడా చూసుకోండి. ‘మరిన్ని వివరాలకు’ అంటే ఎవరూ కదలరు. వీడియోలో కావాలని వదిలిన ఒక నిర్దిష్టమైన వస్తువు పేరు చెప్పండి: పట్టిక, కొలతల కాగితం, ముద్రించుకునే పేజీ.

ఎదురు దారి కూడా ఉంది. వీడియోని న్యూస్‌లెటర్‌లో పెట్టాలనుకుంటే జీమెయిల్‌లో అది ఆడదు. త్రికోణం గుర్తు వేసిన బొమ్మ పెట్టి దానికి లింకు ఇవ్వండి, 600 పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది. ఉత్తరం కోడు 102 కేబీ దాటితే జీమెయిల్ అడుగుభాగం మడిచేస్తుంది, కాబట్టి ఆ బొమ్మ పైనే ఉండాలి.

ప్రశ్న: వెనక సినిమా పాట పెట్టొచ్చా?
– పేరు రాయలేదు, రాజమహేంద్రవరం

జవాబు: ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ ఖాతాకి చాలా పాటలు అందవు. యూట్యూబ్‌లో నిమిషం దాటిన షార్ట్ మీద కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటలను పసిగట్టే యూట్యూబ్ వ్యవస్థ) ద్వారా హక్కు పడితే వీడియోనే ఆగిపోతుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోంచి ఒక వాయిద్యం తీసుకుని, గొంతు కన్నా 18–20 డెసిబెల్స్ కిందకి దించండి. సమాచారం చెప్పే వీడియోకి సంగీతం లేకపోయినా ఎవరూ అడగరు.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో పంపితే అక్షరాలు అలుక్కుపోతున్నాయి.
– అంగన్‌వాడీ సూపర్‌వైజర్, శ్రీకాకుళం

జవాబు: వాట్సాప్ వీడియోని మళ్లీ నలిపి పంపుతుంది. సన్నటి అక్షరాలకే మొదటి దెబ్బ. 720×1280లో, సెకనుకి 3 మెగాబిట్లతో మీరే ఎక్స్‌పోర్ట్ చేయండి. 40 సెకన్లు దాదాపు 15 ఎంబీ అవుతుంది. దాన్ని డాక్యుమెంటుగా జతచేస్తే ఉన్నదున్నట్టు వెళ్తుంది. తల్లులు పాత ఫోన్లలో చూస్తారు కాబట్టి అక్షరం ఇంకాస్త పెద్దది చేయండి. పిల్లల ముఖాలు కనబడే దృశ్యాలకు తల్లిదండ్రుల అనుమతి ముందే రాయించుకోండి.

ప్రశ్న: ఒక సంచిక నుంచి పది వీడియోలు తీయొచ్చని అంటున్నారు. నిజమేనా? ఎంత సమయం కేటాయించాలి?
– పక్షపత్రిక నిర్వాహకుడు, తిరుపతి

జవాబు: తీయొచ్చు, పదీ చూడబుల్‌గా ఉండవు. నాలుగు వ్యాసాల సంచిక నుంచి మూడు మంచి వీడియోలు వస్తే బాగా వచ్చినట్టే. కొలత, తేడా, పొరపాటు దిద్దుబాటు, చేతితో చూపించగలిగే పని – ఇవి వీడియోలుగా మారతాయి. రెండు వైపులా వాదన ఉన్న సంపాదకీయం, షరతుల మీద షరతులున్న చట్టం వివరణ, సంతాప వ్యాసం మారవు. వాటిలోంచి ఒక ముక్క కోస్తే రాసినవాళ్లు అనని అర్థం వస్తుంది.

కొత్తవారికి ఒక్కో వీడియోకి మూడు నాలుగు గంటలు పడుతుంది, చేయి తిరిగాక గంటన్నర. పనిని వీడియోల వారీగా కాక దశల వారీగా చేయండి: ఒకపూట మూడు స్క్రిప్టులూ రాసేయండి, మర్నాడు గొంతు మూడిటికీ ఒకే విడతలో రికార్డు చేయండి, ఆ తర్వాత దృశ్యాలు. మైకు, వెలుతురు మూడుసార్లు అమర్చే శ్రమ తప్పుతుంది. గొంతు దృశ్యాలకన్నా ముందు ఉండాలి, ఎందుకంటే ఏ దృశ్యం ఎన్ని సెకన్లు కావాలో గొంతు ఫైలే చెబుతుంది. చివరగా వీడియోను శబ్దం ఆపేసి ఒకసారి, కళ్లు మూసుకుని ఒకసారి చూడండి. మొదటిసారి క్యాప్షన్ల లోపం, రెండోసారి స్క్రిప్టు లోపం దొరుకుతాయి. వ్యాసం రాసినవారికి స్క్రిప్టు చూపించి ‘ఇది మీరన్నదేనా’ అని అడగడానికి పది నిమిషాలు విడిగా పెట్టుకోండి. అది వీడియో తీశాక కాదు, గొంతు రికార్డు చేయకముందే.